గ్రాసియాస్ అంటే ఇక చాలని

మా పైసాందూలో మాతే తాగేటప్పుడు
సొరబుర్ర తిరిగి చేతికిస్తూ గ్రాసియాస్ అన్నామంటే
ధన్యవాదం కాదు అది,
నాకిక పోయొద్దని.

బయటివాళ్ళకిది తెలీదు.
మొదటి గుక్కకే మర్యాదకొద్దీ అనేసి
ఆ సాయంత్రమంతా గొంతెండి కూచుంటారు పాపం.

నువ్వు బయటివాడివి కాదు విల్మార్.
తెలిసే అంటావు.
దీపం ఆర్పాక నా చెయ్యి నీ పొట్ట మీదికి పాకితే
దాన్ని పట్టుకుని, వేళ్ళకి ముద్దు పెట్టి,
ఎంతో ప్రేమగా
నాకే తిరిగిచ్చేస్తావు.

ఇరవై మూడేళ్ళు.
నారింజ షెడ్డులో పగలంతా కాయలు ఏరి
సైజుల వారీగా పెట్టెల్లో సర్దే మనిషిని,
లెక్క మానలేను.
గ్యాసు కంపెనీ ఇచ్చిన క్యాలెండరు మీద
పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టేదాన్ని.
మార్చికి రెండు. ఏప్రిల్‌కి ఒకటి.
మే నెల బొమ్మలో గుర్రం ఒక్కటే నిలబడి ఉంది.
మా చెల్లెలు ఓడిలియా అవేం చుక్కలే అని అడిగితే
కరెంటు ఉన్న రోజులు అన్నాను.

అనుమానించాను కూడా. ఇప్పుడు చెప్పేస్తాను.
ఒక ఆదివారం నీ వెనకే నది దాకా వచ్చాను.
రేవు మెట్ల మీద గాలం వేసి కూచున్నావు,
ఎర కూడా గుచ్చలేదు.
ఇంకో ఆడది ఉండుంటే జుట్టు పట్టుకునేదాన్ని.
ఎర లేని గాలంతో ఏం పోట్లాడను?

డాక్టరు రక్తం తీయించింది. అన్నీ బాగున్నాయంది.
అంతకంటే చెడ్డ కబురు నేనెప్పుడూ వినలేదు.

జూలై చలిలో వంటింట్లో అరుచుకున్నాం.
ఫ్రిజ్‌లు బాగుచేసేవాడివి, అలాగే మాట్లాడావు:
"మోటారు ఎప్పుడూ తిరగదు నేలిదా.
చల్లబడ్డాక ఆగుతుంది, మళ్ళీ అదే అందుకుంటుంది.
ఆగకుండా తిరిగిందంటేనే చెడిపోయినట్టు."
అంటే చెడిపోయింది నేనా, అన్నాను.
నీకు నవ్వొచ్చింది. నాకు ఏడుపొచ్చింది.
కాసేపటికి తారుమారయింది.

ఆ రాత్రే అన్నావు, గోడవైపు తిరిగి:
"నిన్ను ముట్టుకుంటే
బాకీ ఎప్పుడు తీరుస్తావని అడిగినట్టుంటుంది.
అందుకే ముట్టుకోవడమే మానేశాను."

మాతేకి నీళ్ళు మరగకూడదు.
మరిగితే ఆకు కాలి చేదెక్కుతుంది.
ప్రతిసారీ కుతకుతలాడించే తెచ్చానేమో నేను,
పోనీ, నువ్వే పొయ్యి వెలిగించడం మరిచావేమో.

ఇప్పుడంతా సర్దుకుందని చెప్పను.
వీపు రుద్దుతావు, రుద్ది ఊరుకుంటావు.
నేనూ ఊరుకుంటాను, పళ్ళ బిగువున.
కొన్ని రాత్రులు నా ఆకలి నా చేత్తోనే తీర్చుకుంటాను.
మునుపటిలా నిద్ర నటించవు నువ్వు,
నా తల కింద నీ భుజం ఉంటుంది,
అయ్యాక మంచినీళ్ళు కావాలా అంటావు.
ఇది ఏ లెక్కలోకి వస్తుంది? చుక్క పెట్టాలా?
ఏడాది తిరిగింది, కొత్త క్యాలెండరు
చుట్టచుట్టే అలమారు మీద పడి ఉంది.

మొన్న కోతల రోజుల్లో
పదకొండు గంటలు నిలబడి, కాళ్ళు దిమ్మెక్కి
బూట్లతోనే మంచం మీద వాలాను.
స్నానం చేసి వచ్చావు, గడ్డం గీసుకుని.
రాత్రి పదింటికి గడ్డం!
నీ చెయ్యి వచ్చి నా నడుము దగ్గర ఆగింది,
గుమ్మంలో ఆగినట్టు.
నా నోట్లోంచి వచ్చేసింది:
గ్రాసియాస్.

చీకట్లో కూడా కనబడింది నీ ముఖం.
ఇన్నేళ్ళూ నా ముఖం నేను చూసుకోలేదు.
ఇలా ఉండేదన్నమాట.

నీ వేళ్ళకి ముద్దు పెట్టాను.
చెయ్యి మాత్రం తిరిగివ్వలేదు.
అలాగే పట్టుకుని పడుకున్నాను.
వంటింట్లో ఫ్రిజ్ ఆగింది.
మళ్ళీ ఎప్పుడు అందుకుంటుందా అని
ఇద్దరం వింటూ ఉన్నాం.